కింది జ్ఞానదంతం తీయించుకుంటే ఏం జరుగుతుంది: మొదటి రోజు నుంచి కుట్లు తీసే దాకా

మీరు రాసినదాన్ని బట్టి వయసు 27, బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటున్నారు. కుడివైపు కింది జ్ఞానదంతం చుట్టూ చిగురు ఆరు నెలల్లో రెండుసార్లు వాచింది. రెండు దవడలూ కనిపించే ఓపీజీ ఎక్స్‌రే తీస్తే పన్ను ముందుకు ఒరిగి ఉందని, తీయించేయమని చెప్పారు. నొప్పి ఎంత ఉంటుంది, సెలవు ఎన్ని రోజులు పెట్టాలి, తీయించుకున్న రాత్రే బస్సెక్కి కడప వెళ్లి అమ్మ దగ్గర ఉండొచ్చా అని అడిగారు.

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను. ఆ రాత్రి బస్సెక్కకండి. పన్ను తీసే అరగంట, ముప్పావు గంట తిమ్మిరిలో గడిచిపోతుంది, దాని గురించి అంత బెంగ అక్కర్లేదు. ఇబ్బంది వస్తే మూడో రోజుకీ ఐదో రోజుకీ మధ్య వస్తుంది. పన్ను తీసిన గుంతలో రక్తం గడ్డ కడుతుంది. ఆ గడ్డే కింద ఎముకకు కప్పు, దాని మీదే కొత్త కణజాలం పెరుగుతుంది. అది ఊడిపోయినా, కరిగిపోయినా ఎముక బయటపడి చెవిదాకా లాగే నొప్పి మొదలవుతుంది. అప్పుడు గుంత కడిగి మందు పెట్టాల్సింది ఎక్స్‌రే చూసి, కోత కోసి, కుట్లు వేసిన డాక్టరే అయితే పని పది నిమిషాల్లో అయిపోతుంది. మీరు కడపలో, డాక్టరు బెంగళూరులో ఉంటే ఆ నొప్పితో మళ్ళీ రాత్రి బస్సెక్కాల్సి వస్తుంది. వీలుంటే అమ్మనే ఓ వారం ఇక్కడికి రమ్మనండి. లేదంటే కడపలోనే తీయించుకుని వారం అక్కడే ఉండండి. రెండూ మంచివే, సగం ఇక్కడ సగం అక్కడ మాత్రం వద్దు.

అసలు తీయించాలా అన్న సందేహం మీ మాటల వెనక కనిపిస్తోంది. ఏ ఇబ్బందీ పెట్టని జ్ఞానదంతాన్ని ముందుజాగ్రత్త పేరుతో తీయొద్దని ఇంగ్లండ్‌లోని నైస్ సంస్థ 2000లోనే మార్గదర్శకం ఇచ్చింది. చిగురు ఒక్కసారి, మామూలుగా వాచినంత మాత్రాన తీయనక్కర్లేదనీ, రెండోసారి వస్తే తీయడానికి అది కారణమేననీ అందులోనే ఉంది. మీకు రెండుసార్లు వచ్చింది. సగం బయటికొచ్చిన పన్ను మీద చిగురు మూతలా కప్పుకుని ఉంటుంది, దాని కింద అన్నం మెతుకులు, సూక్ష్మజీవులు చేరతాయి, బ్రష్ అక్కడికి అందదు. యాంటీబయాటిక్ వాడితే వాపు దిగుతుంది గానీ మూత అలాగే ఉంటుంది కాబట్టి మళ్ళీ వస్తుంది. ఇంకో కారణం కూడా ఉంది. ముందుకు ఒరిగిన పన్ను తన ముందున్న పంటిని ఆనుకుంటుంది. ఆ రెండింటి సందులో పుచ్చు మొదలైతే పోయేది జ్ఞానదంతం ఒక్కటే కాదు, రోజూ నమలడానికి పనికొచ్చే మంచి పన్ను కూడా. మీ రిపోర్టులో జ్ఞానదంతానికి 48 అని, ముందుదానికి 47 అని రాసి ఉంటుంది. 47 వెనక భాగం ఎలా ఉందో తప్పకుండా అడగండి.

వాపు, చీము, నోరు తెరుచుకోకపోవడం ఉన్న సమయంలో మాత్రం సాధారణంగా తీయరు. చీము పట్టిన చోట మత్తు మందు సరిగా పనిచేయదు, నోరు తెరవకపోతే పనిముట్టు లోపలికి పోదు. ముందు ఆ మూత కింద కడిగి, అవసరమైతే మందులిచ్చి, తగ్గాక తేదీ ఇస్తారు. వాపు తగ్గగానే బాగుంది కదా అని తేదీ వాయిదా వేసుకుంటూ పోయేవాళ్ళే మూడోసారి ఇంకా పెద్ద వాపుతో వస్తారు.

ఎక్స్‌రేలో రెండు విషయాలు చూడాలి. ఒకటి పన్ను వాలు. ముందుకు ఒరిగింది అంటే భయపడతారు గానీ కింది దవడలో తీయడానికి కాస్త సులువైన వాలు అదే. వెనక్కి, దవడ ఎముక నిలువుగా పైకి లేచే వైపుకు ఒరిగినదే కష్టం. రెండోది నరం. కింది దవడ ఎముక లోపల ఒక కాలువలో నరం పోతుంది, కింది పెదవికీ గడ్డానికీ స్పర్శ ఇచ్చేది అదే. ఓపీజీలో ఆ కాలువ అంచున ఉండే తెల్ల గీత పంటి వేరు దగ్గర తెగిపోయినా, కాలువ దారి మళ్ళినా, అక్కడ వేరు నల్లగా కనిపించినా నరం దగ్గరగా ఉందని అర్థం. అలాంటప్పుడు సీబీసీటీ అనే త్రీడీ స్కాన్ అడగడం న్యాయం. నరానికి మరీ అంటుకుని ఉంటే పన్ను పైభాగం మాత్రమే కోసి తీసి, వేర్లను అక్కడే వదిలేసే పద్ధతి కూడా ఉంది, దాన్ని కరోనెక్టమీ అంటారు.

బెంగళూరు క్లినిక్‌ల గురించి ఒక మాట చెప్పాలి. చాలాచోట్ల రోజూ ఉండేది బీడీఎస్ (పంటి వైద్యంలో మొదటి డిగ్రీ) డాక్టరు, ఇలాంటి సర్జరీలకు ఎండీఎస్ (ఆ పై డిగ్రీ) చేసిన ఓరల్ సర్జన్ వారంలో ఫలానా రోజున వచ్చి వెళ్తారు. అందులో తప్పేమీ లేదు, సర్జన్ చేతే చేయించుకోవడం మంచిది కూడా. కానీ సర్జన్ శనివారం వచ్చి పన్ను తీసి వెళ్లిపోతే మంగళవారం నొప్పి లేస్తే ఎవరు చూస్తారు? ఈ ప్రశ్న ముందే అడగండి. రాత్రిపూట ఫోన్ ఎత్తే నంబరు ఒకటి తీసుకోండి. చెప్పిన రేటులో కుట్లు తీయడం, అవసరమైతే తర్వాతి డ్రెస్సింగ్‌లు కలిసి ఉన్నాయా అని కూడా అడగండి, గొడవలు వచ్చేది అక్కడే.

రోజు ఎంచుకోవడంలోనే సగం ఇబ్బంది తప్పించుకోవచ్చు. శుక్రవారం ఉదయం మంచిది. వాపు శని, ఆదివారాల్లో పెరిగి గరిష్ఠానికి వస్తుంది, అప్పుడు మీరు ఇంట్లో ఉంటారు. ఆ మూడో రోజు నుంచి ఐదో రోజు దాకా ఉండే గడ్డుకాలం, శుక్రవారాన్ని వదిలేసి లెక్కేస్తే, సోమవారం నుంచి బుధవారం మధ్య పడుతుంది, క్లినిక్ తెరిచి ఉంటుంది. ఉదయమే ఎందుకంటే, మత్తు మందులో కలిపే అడ్రినలిన్ రక్తనాళాలను బిగించి ఉంచుతుంది. రెండు మూడు గంటల తర్వాత ఆ పట్టు వదలగానే రక్తం కాస్త ఎక్కువ ఊరుతుంది. అది మధ్యాహ్నం జరిగితే ఫోన్ చేసి వెళ్లొచ్చు, సాయంత్రం తీయించుకుని అది రాత్రి పదింటికి జరిగితే కంగారు. ఆఫీసుకు మూడు రోజులు పూర్తి సెలవు, ఆ తర్వాత రెండు రోజులు ఇంటి నుంచి పని అని చెప్పుకోండి. నోరు సరిగా తెరుచుకోదు కాబట్టి గంటలకొద్దీ కాల్స్‌లో మాట్లాడే పని ఆ వారం పెట్టుకోవద్దు. జిమ్ వారం దాకా వద్దు.

లోకల్ మత్తుతో చేసేటప్పుడు ఖాళీ కడుపుతో వెళ్లకూడదు. చాలామంది ఆపరేషన్ అనగానే పస్తుంటారు, భయానికి నీరసం తోడై కుర్చీలోనే కళ్ళు తిరుగుతాయి. గంట, గంటన్నర ముందు ఇడ్లీయో ఉప్మాయో కడుపునిండా తిని, పళ్ళు శుభ్రంగా తోముకుని వెళ్లండి. పూర్తి మత్తు అయితే మాత్రం ఆరు గంటల ముందు నుంచి ఏమీ తినకూడదు, రెండు గంటల ముందు నుంచి నీళ్ళు కూడా వద్దు. నాలుగు జ్ఞానదంతాలూ లోతుగా ఉండి ఒకేసారి తీయాల్సి వచ్చినప్పుడో, భయం మరీ ఎక్కువైనప్పుడో తప్ప పూర్తి మత్తు అవసరం రాదు. బండి మీద వెళ్లకండి. వచ్చేటప్పుడు వాచబోయే చెంప మీద హెల్మెట్ బిగుసుకుంటుంది, రోడ్డు గుంతల్లో కుదుపులు ఉండనే ఉన్నాయి. ఆటోలోనో క్యాబ్‌లోనో రండి.

కుర్చీలో జరిగేది ఇది. 2 శాతం లిగ్నోకెయిన్, అందులో 80,000 వంతులకు ఒక వంతు అడ్రినలిన్ కలిపిన మందు, మొత్తం నాలుగైదు మిల్లీలీటర్ల లోపే ఇస్తారు. ఒక సూది దవడ చివర లోపలి వైపు, ఇంకోటి చెంప వైపు. ఒక నిమిషం గుండె దడదడలాడితే అది అడ్రినలిన్ ప్రభావం, తగ్గిపోతుంది. ఐదు నిమిషాల్లో కింది పెదవి సగం, నాలుక సగం మొద్దుబారాలి. పెదవి లావెక్కినట్టు అనిపించకపోతే మొహమాటపడకుండా చెప్పండి, ఇంకో సూది ఇస్తారు. తిమ్మిరిలో నొప్పి తెలియదు గానీ ఒత్తిడి, లాగుడు, చప్పుడు అన్నీ తెలుస్తాయి. ఈ తేడా ముందే తెలిస్తే సగం భయం పోతుంది. పదునైన నొప్పి వస్తే ఎడమచెయ్యి ఎత్తండి, ఆపుతారు.

చిగురు కోసి పక్కకు తెరుస్తారు. పన్ను చుట్టూ కొంచెం ఎముకను, సెలైన్ పోస్తూ, డ్రిల్లుతో తొలుస్తారు. ఆ నీళ్ళు ఎముక వేడెక్కకుండా కాపాడతాయి. తర్వాత పన్నును రెండు ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను ఎలివేటరు అనే మీటలాంటి పనిముట్టుతో పైకి లేపుతారు. టక్‌మని పగిలిన చప్పుడు వస్తుంది, విరిగింది పన్నే, దవడ కాదు. ముక్కలు చేయకుండా బలవంతంగా మొత్తం లాగాలంటే ఎముక ఎక్కువ తీయాలి, అందుకే ముక్కలు చేసే డాక్టరు నెమ్మదిగా చేస్తున్నట్టు అనిపించినా మీకే మేలు. గుంతను కడిగి, రెండు మూడు కుట్లు వేసి, గాజ్ అనే పలచటి నూలుగుడ్డ ముక్క పెట్టి కరిచి పట్టుకోమంటారు.

ఆ మొదటి రోజు గడ్డను కాపాడుకోవడమే పని. గాజ్‌ను ముప్పావు గంట నుంచి గంట దాకా గట్టిగా కరిచి ఉంచండి, ఐదు నిమిషాలకోసారి తీసి చూడొద్దు. ఉమ్మి మింగండి, ఉమ్మకండి. ఉమ్మినా, పుక్కిలించినా, స్ట్రాతో పీల్చినా నోట్లో పుట్టే గుంజుడుకు గడ్డ కదిలిపోతుంది. లాలాజలంలో నాలుగు చుక్కల రక్తం కలిసినా నోటినిండా రక్తంలాగే కనిపిస్తుంది, దానికి బెదరకండి. నోరు నిండుకొస్తూ ఆగకపోతే శుభ్రమైన గాజ్‌ను మడిచి గుంత మీదే పడేలా పెట్టి అరగంట కదలకుండా కరవండి. గాజ్ లేకపోతే తడిపిన టీ బ్యాగ్ పనికొస్తుంది, టీలోని టానిన్ రక్తం ఆగడానికి సాయపడుతుంది. ఐస్‌ను గుడ్డలో చుట్టి చెంప మీద 20 నిమిషాలు పెట్టి, 20 నిమిషాలు తీసి, పడుకునేదాకా అలా చేయండి. రెండు దిండ్ల మీద తల ఎత్తుగా పెట్టుకుని పడుకోండి. తిమ్మిరి నాలుగైదు గంటలుంటుంది, ఆ సమయంలో వేడి కాఫీ తాగి నోరు కాల్చుకోవడం, పెదవి నమిలేసుకోవడం తరచూ జరుగుతుంది. సిగరెట్ కనీసం వారం వద్దు. పీల్చడంలోని గుంజుడు, పొగ, రెండూ గడ్డకు శత్రువులే.

మందుల్లో ఒక పొరపాటు మళ్ళీ మళ్ళీ జరుగుతుంది. డాక్టరు ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన మాత్ర రాస్తారు. నొప్పి తగ్గలేదని పీజీలో ఎవరో కాంబిఫ్లామ్ ఇస్తారు, పైన ఇంకో డోలో 650. ఎసిక్లోఫెనాక్, కాంబిఫ్లామ్‌లోని ఐబుప్రొఫెన్ ఒకే కోవ మందులు, రెండూ కలిపితే కడుపూ కిడ్నీలూ దెబ్బతింటాయి. పారాసిటమాల్ మూడింట్లోనూ ఉంది. స్ట్రిప్ వెనక పేర్లు చదవండి. ఆ కోవ మందు ఒక్కటే, తిన్న తర్వాతే. పారాసిటమాల్ రోజు మొత్తం మీద 3 గ్రాములు దాటొద్దు. అల్సర్, ఆస్తమా, కిడ్నీ జబ్బు ఉంటే ముందే చెప్పాలి. మొదటి మాత్ర తిమ్మిరి వదలకముందే వేసుకోండి, నొప్పి లేచాక దాన్ని దించడం కష్టం. యాంటీబయాటిక్ అందరికీ అవసరం లేదు. రాస్తే మాత్రం చెప్పినన్ని రోజులు వాడండి, మెట్రోనిడజోల్ ఉంటే మద్యం ముట్టొద్దు. ఇంకోటి, వర్షాకాలంలో బెంగళూరులో డెంగీ తిరుగుతుంటుంది. రెండు మూడు రోజుల తర్వాత ఒళ్ళునొప్పులతో గట్టి జ్వరం వస్తే ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ ఆపి రక్తపరీక్ష చేయించుకోండి, అన్నీ పంటి మీదకే నెట్టకండి.

వాపు మొదటి రోజు కంటే రెండో రోజు, రెండో రోజు కంటే మూడో రోజు ఎక్కువ. ఇది తెలియక చాలామంది కుళ్ళిందేమోనని కంగారుపడతారు. 48 నుంచి 72 గంటల మధ్య గరిష్ఠానికి వెళ్లి అక్కడి నుంచి దిగాలి. చెంప మీద పసుపుపచ్చ, ఊదా మచ్చ వచ్చినా అది కమిలిన రక్తమే. రెండో రోజు నుంచి, అంటే 24 గంటలు దాటాక, గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అర చెంచా ఉప్పు వేసి రోజుకు నాలుగైదుసార్లు నోట్లో పోసుకుని తల అటూ ఇటూ వంచి దానంతట అదే జారిపోయేలా వదిలేయండి. గుడగుడమని పుక్కిలించకండి. మూడో నాలుగో రోజు నుంచి నోరు తెరిచే కసరత్తు చేయండి. మామూలుగా మూడు వేళ్ళు నిలువుగా పట్టాలి, ఆ రోజుల్లో ఒక వేలే పట్టొచ్చు. ఐస్‌క్రీం పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి పళ్ళ మధ్య పెట్టి, రోజుకొకటి పెంచండి.

గుంతలో లవంగం నూనె పోయడం, పసుపు కూరడం, చెంపకు కాపడం పెట్టడం మన ఇళ్ళలో వెంటనే వచ్చే సలహాలు. పెద్దవాళ్ళు ప్రేమతో చెప్తారు, కానీ మొదటి రోజు కాపడం రక్తస్రావాన్నీ వాపునూ పెంచుతుంది, పసుపు ఆ రక్తపు గడ్డను పాడుచేస్తుంది. లవంగంలోని యూజినాల్ పని చేసేది నిజమే, అదే యూజినాల్‌ను గడ్డ ఊడిపోయిన గుంతలో డాక్టరు డ్రెస్సింగ్‌గా పెడతారు. గడ్డ బాగున్న గుంతలో పోస్తే మంట తప్ప లాభం లేదు.

ఆ గడ్డ ఊడిన స్థితినే డ్రై సాకెట్ అంటారు. గుర్తుపట్టడం తేలిక. మామూలు నొప్పి రోజురోజుకూ తగ్గుతుంది. ఇది కాస్త తగ్గి, మూడో రోజుకో నాలుగో రోజుకో మళ్ళీ లేస్తుంది, చెవికీ కణతకూ లాగుతుంది, మాత్రకు లొంగదు, నోరు వాసన వస్తుంది, అద్దంలో చూస్తే గుంత ఖాళీగా, బూడిదరంగులో కనిపిస్తుంది. పొగ తాగేవాళ్ళకూ గర్భనిరోధక మాత్రలు వాడే ఆడవాళ్ళకూ ఎక్కువ. దీనికి ఇంకో యాంటీబయాటిక్ కోర్సు మందు కాదు. గుంతను కడిగి మందు పెట్టించుకుంటే గంటలోపే తెరిపి వస్తుంది, రెండు మూడుసార్లు మార్పించుకోవాల్సి రావచ్చు.

తిండి సంగతి. మొదటి రోజు చల్లని పెరుగన్నం మెత్తగా పిసికింది, మజ్జిగ, చల్లార్చిన రాగిజావ, కొబ్బరినీళ్ళు. బొండం కొట్టేవాళ్ళు అలవాటుగా స్ట్రా వేసి ఇస్తారు, గ్లాసులో పోయించుకోండి. రెండో రోజు నుంచి గోరువెచ్చని సాంబారులో నానిన ఇడ్లీ, పొంగలి, ముద్దపప్పన్నం. ఈ ఊళ్ళో దొరికే రాగిముద్ద ఇలాంటప్పుడు నిజంగా పనికొచ్చే తిండి, నమలకుండా మింగేదే కదా, కారం లేని గోరువెచ్చని పులుసులో ముంచి చిన్న ముక్కలుగా ఎడమవైపు నుంచి మింగండి. ఆవకాయ, గోంగూర పచ్చడి, ఎర్రకారం దోశ పది రోజులు ఆగనివ్వండి. మీ కడప ఉగ్గాణి, బజ్జీ కూడా అంతే. బొరుగులు, నువ్వులు, వేరుశనగ పప్పులు గుంతలోకి దూరి తేలిగ్గా రావు.

పెదవి, గడ్డం తిమ్మిరి మర్నాటి ఉదయానికీ వదలకపోతే డాక్టరుకు చెప్పండి, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా మొద్దుగా ఉందో గుర్తుపెట్టుకోండి. నరం నలిగితే ఇలా అవుతుంది. వందలో కొద్దిమందికి వస్తుంది, ఎక్కువమందిలో వారాల్లోనో నెలల్లోనో తిరిగొస్తుంది. శాశ్వతంగా మిగిలేది వందలో ఒకరికంటే తక్కువ. చీమలు పాకినట్టు అనిపిస్తే నరం కోలుకుంటోందని అర్థం.

అదే వైపు పై జ్ఞానదంతం కిందిదాన్ని కొరుకుతుంటే అదీ ఇదే పూటలో తీయించుకోండి, ఎడమవైపు నమలడానికి మిగులుతుంది. పైది ఐదు పది నిమిషాల పని. దాని వేర్లు ముక్కు పక్క గాలిగదికి దగ్గర, కాబట్టి రెండు వారాలు ముక్కు గట్టిగా చీదొద్దు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మండి. పై పన్ను తీస్తే చూపు పోతుందన్న మాటకు ఆధారం లేదు. చూపు నరం వేరు, పంటి నరం వేరు, రెండూ మెదడు నుంచి వేర్వేరుగా వస్తాయి.

రేపు అమ్మకో నాన్నకో తీయించాల్సి వస్తే వేరే జాగ్రత్తలున్నాయి. ఆస్పిరిన్‌గానీ రక్తం పలచబరిచే ఇంకే మందుగానీ సొంతంగా ఆపొద్దు, గుండెకు స్టెంట్ ఉన్నవాళ్ళలో అది ప్రాణం మీదకు తెస్తుంది. వార్ఫరిన్ వాడుతుంటే రక్తం ఎంత త్వరగా గడ్డకడుతుందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష చేయించుకుని వెళ్లాలి. షుగరు మాత్ర, టిఫిను రెండూ మానకూడదు. ఎముకల బలానికి ఎలెండ్రోనేట్ మాత్రలో, జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షనో తీసుకుంటున్న సంగతి తప్పక చెప్పాలి, వాళ్ళలో దవడ ఎముక మానకుండా ఉండిపోయే ప్రమాదం ఉంది.

ఖర్చు భారమైతే కె.ఆర్. మార్కెట్ మెట్రో స్టేషనుకు దగ్గర్లో, విక్టోరియా ఆసుపత్రి ఆవరణలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. పొద్దున్నే వెళ్లి చీటీ తీసుకోవాలి, ఓపిక కావాలి. పోస్ట్‌గ్రాడ్యుయేషన్ చేస్తున్న విద్యార్థులు చేసినా పక్కన ప్రొఫెసర్లుంటారు. ఆఫీసు ఇన్సూరెన్స్‌లో పంటి వైద్యం చాలావరకు ప్రమాదంలో దెబ్బ తగిలితేనే వర్తిస్తుంది. మీ పాలసీలో డెంటల్ ఓపీడీ, అంటే ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే పంటి వైద్యం, విడిగా ఉందేమో సర్జరీకి ముందే హెచ్ఆర్‌ను అడగండి.

ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాల్సినవి కొన్ని ఉన్నాయి. మూడో రోజు దాటాక వాపు తగ్గకుండా పెరగడం, 101 డిగ్రీలు దాటిన జ్వరం, మింగలేకపోవడం, నాలుక కింద గట్టిపడి నాలుక పైకి లేవడం, చొంగ కారడం, ఊపిరి ఇబ్బంది. చివరి నాలుగింటిలో ఏది కనిపించినా క్లినిక్ తెరిచేదాకా చూడొద్దు, 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకే వెళ్లండి. వాపు గొంతు వైపు దిగితే గాలిదారి మూసుకుపోతుంది.

ఏడో రోజు కుట్లు తీయించుకుని, ఆ రాత్రి కడప బస్సెక్కండి. గుంత అప్పటికి పూడదు. చిగురు కప్పుకోవడానికి మూడు నాలుగు వారాలు, లోపల ఎముక నిండడానికి నెలలు పడుతుంది. కుట్లు తీసిన రోజే మొన వంగిన సిరంజి ఒకటి అడిగి తీసుకోండి. తిన్న ప్రతిసారీ గోరువెచ్చని ఉప్పునీళ్ళు అందులో నింపి, మొనను గుంత అంచున పెట్టి, మెల్లగా కడగండి, వచ్చే నీళ్ళలో మెతుకులు కనిపించనిదాకా.